ఇనుపరాయి విలువ

విశాఖపట్టణమునుండి కొత్తవలస, అనంతగిరి, అరకు మీదుగా పడమటికి పోవు రైలుమార్గమున ప్రయాణించువారికి కొండల సొగసుతోపాటు మఱియొక దృశ్యము కూడ కనబడును. దానిని మెచ్చుకొని చూచువారు తక్కువ. మూతలేని పెట్టెలుగల సరకుబండ్లు ఒకదాని వెనుక ఒకటిగా సముద్రమువైపు దిగివచ్చుచుండును. ఆ పెట్టెలలో ఎఱుపును ఉక్కువన్నెయు కలిసిన రాళ్లు, పొడి నిండియుండును. నిండియుండునన్నమాటయేగాని, ఏ పెట్టెయు అంచువఱకు నిండదు. సగము ఖాళీగా పంపుచున్నారేమని చూచువారు అనుకొందురు. ఆ రాయి అంత బరువైనది. పెట్టె సగము నిండునప్పటికే అది మోయగల బరువు పూర్తియగును.

ఆ రాయి వచ్చునది బైలడిల్లా కొండలనుండి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని దంతెవాడ జిల్లాలో ఆ పర్వతపంక్తి కలదు. దూరమునుండి చూచినచో ఎద్దు మూపురమువలె కనబడుటచేత దానికా పేరు వచ్చినది. అచ్చటి కిరందుల్‌నుండి విశాఖ రేవునకు సుమారు 450 కిలోమీటర్ల దారి. నడుమ తూర్పు కనుమలు అడ్డముగా నున్నవి. కనుమలను తొలిచి, యాభైకి పైగా సొరంగములు త్రవ్వి, సుమారు 1,000 మీటర్ల యెత్తునకు పట్టాలను ఎక్కించి, 1960 తరువాతి దశాబ్దిలో ఆ మార్గమును వేసిరి. ప్రయాణికులు తరువాత వచ్చిరి. మొదట వేసినది ఆ రాతికొఱకే.

ఇనుము తెలుగునేలలో లేదా? కావలసినంత కలదు. ఒంగోలు చుట్టుపట్ల కొండలలో కలదు, బయ్యారమున కలదు, అనంతపురము జిల్లా సరిహద్దున కలదు. మఱి అడవులు దాటి, కొండలు తొలిచి, అంత దూరమునుండి రాయి తెచ్చుట యేల? ఈ ప్రశ్నకు సమాధానము తెలియవలెనన్నచో, ఒక రాయికి విలువ ఎట్లు వచ్చునో తెలిసికొనవలెను.

భూమి పైపొరలో నూటికి సుమారు 5 పాళ్లు ఇనుమే. ఆమ్లజని, సిలికాను, అల్యూమినియము తరువాత నాలుగవ స్థానము దానిది. చేలలోని ఎఱ్ఱమట్టికి ఆ రంగు వచ్చుట ఇనుప తుప్పువంటి పదార్థముచేతనే. అరుగులకు పూయు జేగురు, కాలిన ఇటుకలోని ఎఱుపు, ఇవియు ఇనుము జాడలే. ఐనను ఎఱ్ఱచెలకను త్రవ్వి కొలిమిలో పోయువాడు లేడు. ఆ మట్టినుండి ఒక మేకునకు చాలినంత ఇనుమును రాబట్టుటకు అగు ఖర్చుతో అంగడిలో బుట్టెడు మేకులు కొనవచ్చును. కావున ఇనుమున్న రాయి యెల్ల ఇనుప ఖనిజము కాదు. త్రవ్వి, మోసి, కరగించి, అమ్మిన పిదప కూడ లాభము మిగిల్చు రాతినే వర్తకులు ఖనిజమందురు. కొలిమి మాఱినను, దారి మాఱినను, ధర మాఱినను నిన్నటి వట్టిరాయి నేడు ఖనిజము కావచ్చును. నేటి ఖనిజము రేపు వట్టిరాయి కావచ్చును.

ముందుగా రాళ్ల రకములను చూడవలెను. ఇనుము భూమిలో ఒంటరిగా దొరకుట మిక్కిలి అరుదు. సాధారణముగా అది ఆమ్లజనితోనో, గంధకముతోనో, బొగ్గుపులుసు వాయువుతోనో కలిసియుండును. వీనిలో ఇనుము పాలు అధికముగా గలది మాగ్నటైటు. శుద్ధమైన మాగ్నటైటులో నూటికి 72 పాళ్లు ఇనుము. అది నల్లని రాయి. అయస్కాంతమును దగ్గఱకు తెచ్చినచో అంటుకొనును. కొన్ని ముక్కలు తామే అయస్కాంతములు. పూర్వులు సూదంటురాయి యనినది దీనినే. రెండవది హెమటైటు. శుద్ధమైన హెమటైటులో ఇనుము 70 పాళ్లు. రక్తము అని యర్థమిచ్చు గ్రీకు పదమునుండి దానికా పేరు వచ్చినది. విచిత్రమేమనగా, హెమటైటు రాళ్లలో పెక్కింటిని చూచినచో రక్తము ఛాయలే కానరావు. అవి ఉక్కువలె నల్లగా మెఱయుచుండును. మెఱుగులేని పింగాణి పలకపై గీచినపుడు మాత్రము ఎఱ్ఱని గీత పడును. మాగ్నటైటు నల్లని గీతను, లిమొనైటు పసుపు కలిసిన గోధుమవన్నె గీతను పెట్టును. ఈ పరీక్షకు ప్రయోగశాల అక్కఱలేదు. పగిలిన పింగాణి గిన్నె అంచు చాలును.

లిమొనైటు అనగా నీటిని తనలో బంధించుకొన్న తుప్పురాయి. దీనిలో ముఖ్యాంశమగు గీతైటు ఎంత శుద్ధమైనను 63 పాళ్లకు మించి ఇనుము నీయదు. సిడరైటులో ఇనుము 48 పాళ్లు మాత్రమే. ఐనను బొగ్గుగనుల ప్రక్కనే దొరకుటచేత ఇంగ్లండులో ఒకప్పుడు దానికి గొప్ప గిరాకి యుండెను. ఇక పైరైటు కలదు. పసుపువన్నెతో మెఱసి బంగారమని భ్రమింపజేయు రాయి యిది. దానిలో 46 పాళ్లు ఇనుమున్నను, మిగిలినదంతయు గంధకమే. అందుచేత దానిని ఇనుముకొఱకు కాక గంధకికామ్లము చేయుటకు వాడుచు వచ్చిరి.

ఇట్లు వరుసగా చెప్పినచో 72 పాళ్ల మాగ్నటైటు అన్నింటికంటె విలువైనదనియు, హెమటైటు దాని తరువాతిదనియు తోచును. వ్యాపారములో లెక్క అట్లు సాగదు. శుద్ధమైన ఖనిజము ప్రదర్శనశాల గాజుపెట్టెలో ఉండును. గనిలో అది పలుగురాతితోను, బంకమట్టితోను, ఇతర ధాతువులతోను కలిసి యుండును. ఒంగోలు కొండలలోని మాగ్నటైటు పలుగురాతి నడుమ సన్నని పట్టెలుగా నిమిడియున్నది. అందుచేత మొత్తము రాతిలో ఇనుము మూడవవంతునకు అటునిటుగా మాత్రమే తేలును. బైలడిల్లాలోనిది హెమటైటు. ఐనను త్రవ్వి తీసిన రాతిలోనే 65 పాళ్ల ఇనుము కలదు. అనగా ప్రకృతియే దానిని చాలవఱకు శుద్ధిచేసి పెట్టినది.

ఆ శుద్ధి జరిగిన తీరు తెలిసికొనదగినది. సుమారు 250 కోట్ల సంవత్సరములకు పూర్వము గాలిలో ఆమ్లజని లేదన్నను తప్పులేదు. నాటి సముద్రజలములలో ఇనుము ఉప్పువలె కరగియుండెను. కంటికి కానరాని సూక్ష్మజీవులు సూర్యకాంతిచే బ్రతుకుచు ఆమ్లజనిని విడువసాగెను. ఆమ్లజని తగిలిన చోటనెల్ల ఇనుము తుప్పై అడుగునకు దిగెను. దానితోపాటు సిలికాయు పేరుకొనెను. ఇట్లు ఒక పట్టె ఇనుము, ఒక పట్టె సిలికా చొప్పున పొరలు పొరలుగా శిలలేర్పడెను. ప్రపంచములోని పెద్ద ఇనుప గనులలో అధికభాగము ఆ శిలలనుండి పుట్టినవే. ఆ పట్టెరాయి యథాతథముగా గొప్ప ఖనిజము కాదు; దానిలో ఇనుము ముప్పది పాళ్ల ప్రాంతమున నుండును. బైలడిల్లావంటి తావులలో మాత్రము తరువాత కోట్లకొలది సంవత్సరములు నీరు ఆ శిలలోనికి ఇంకి, సిలికాను కొంచెము కొంచెముగా కరగించి కొనిపోయెను. ఇనుము మిగిలెను. అట్టి భాగ్యము కలుగని కొండలలో పట్టెలు పట్టెలుగానే యున్నవి.

ముప్పది పాళ్లకును అఱువదియైదు పాళ్లకును గల భేదము కొలిమి దగ్గఱ తేటపడును. బ్లాస్టు కొలిమి అనునది అనేక అంతస్తుల యెత్తుగల గోపురము వంటిది. పైనుండి ఖనిజమును, కోకు బొగ్గును, సున్నపురాతిని పోయుచుందురు. క్రిందినుండి వేడిగాలిని ఊదుచుందురు. బొగ్గునుండి పుట్టిన వాయువు ఖనిజములోని ఆమ్లజనిని లాగికొనును. ఇనుము కరగి అడుగునకు చేరును. ఖనిజముతో వచ్చిన సిలికా మొదలగు మలినములు సున్నముతో కలిసి చిట్టెమై ఇనుముమీద తేలును. ఆ చిట్టెమును కరగించుటకును బొగ్గే కావలెను. పనికిరాని రాతిని మోయుటకు ఒక ఖర్చు, దానిని కరగించుటకు మఱియొక ఖర్చు, కరగినదానిని పాఱబోయుటకు ఇంకొక ఖర్చు అగును.

లెక్క వేసి చూడవచ్చును. 65 పాళ్ల ఇనుముగల హెమటైటు రాతిలో నూటికి 93 పాళ్లు హెమటైటు, 7 పాళ్లు మలినము. 45 పాళ్ల రాతిలో హెమటైటు 64 పాళ్లు, మలినము 36 పాళ్లు. ఒక టన్ను ఇనుము కావలెనన్నచో మొదటి రాతితో సుమారు 110 కిలోగ్రాముల మలినము కొలిమిలోనికి పోవును. రెండవ రాతితో 790 కిలోగ్రాములు పోవును. ఇనుము పాలు మూడవవంతుకంటె తక్కువయే తగ్గినది. మలినము మాత్రము ఏడింతలైనది. కొనువారు ఒక్కొక్క పాలుకొఱకు గీచి గీచి బేరమాడుట ఇందువలననే. అంతర్జాతీయ విపణిలో చాలకాలముగా 62 పాళ్ల ఇనుముగల పొడిని ప్రమాణముగా పెట్టుకొని, అంతకు మించినదానికి ధర హెచ్చించుచు, తగ్గినదానికి కోత పెట్టుచు వచ్చిరి.

మలినములన్నియు ఒక్క తీరువి కావు. సిలికాను సున్నపురాయి పట్టుకొనును. అల్యూమినా అధికమైనచో చిట్టెము జిగురువలె చిక్కబడి, కొలిమిలోనుండి సులభముగా జాఱదు. భారతదేశపు ఖనిజమునకు ఇనుము పాలులో మంచి పేరున్నను, అల్యూమినా విషయమున కొలిమివారికి ఎప్పుడును గొణుగుడే. గంధకమున్నచో ఇనుము ఎఱ్ఱగా కాలినపుడు పెళుసై సమ్మెట దెబ్బకు విచ్చిపోవును. భాస్వరమున్నచో చల్లారిన పిదప పెళుసగును. ఈ భాస్వరము కథ యూరపు పటమునందలి ఒక మూలకు గొప్ప సంపదను తెచ్చిపెట్టినది.

1856లో హెన్రీ బెస్సెమరు కరగిన పోత ఇనుములోనికి గాలి ఊది చౌకగా ఉక్కు చేయు పద్ధతిని ప్రకటించెను. ఆ పద్ధతిని కొనుక్కొన్న పరిశ్రమాధిపతులు తమ కొలుములలో ప్రయత్నించి విఫలులైరి. వారి ఉక్కు పెళుసై విఱిగెను. కారణము వారి ఖనిజములోని భాస్వరము. బెస్సెమరు పాత్రలో అది తొలగలేదు. దానితో భాస్వరము లేని హెమటైటునకు వెల పెరిగెను. భాస్వరముగల గనులు చూచుచుండగనే చిన్నబోయెను. ఫ్రాన్సు, జర్మనీ సరిహద్దునగల లొరేను ప్రాంతమున విస్తారమైన ఇనుప నిలువలుండెను. వానిలో ఇనుము 30 పాళ్లకు అటునిటుగా మాత్రమే, భాస్వరమో మెండు. ఆ రాతిని అచ్చటివారు ‘మినెత్’ అనిరి. చిన్నపాటి ఖనిజమని చులకనగా పిలిచిన పేరది. 1871లో యుద్ధానంతరము లొరేనులో కొంతభాగము జర్మనీ పాలైనపుడు కూడ ఆ రాతినుండి మంచి ఉక్కు చౌకగా చేయు దారి యెవరికిని తెలియదు.

దారి కనుగొన్నవాడు పరిశ్రమాధిపతి కాడు, ఆచార్యుడును కాడు. లండను నగరమున పోలీసు న్యాయస్థానములో గుమాస్తాగా పనిచేయుచుండిన సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్ అను యువకుడు. పగలు కచేరిపని చేసి, సాయంకాలములందు రసాయనశాస్త్ర పాఠములు వినుచు, ఇంటిలోనే పరిశోధనలు చేసెను. వేల్సులోని ఒక ఇనుప కర్మాగారమున రసాయనజ్ఞుడుగా నుండిన అతని బంధువగు పెర్సీ గిల్‌క్రిస్ట్ అతనికి తోడ్పడెను. పాత్ర లోపలి పూత ఇసుకగుణము కలదగుటచేతనే భాస్వరము తొలగుట లేదనియు, సున్నపుగుణముగల ఇటుకలతో పూత పెట్టి, కొంత సున్నము కూడ వేసినచో భాస్వరము చిట్టెములోనికి పోవుననియు వారు కనుగొనిరి. 1879 నాటికి ఆ పద్ధతి కర్మాగారములలో నిలదొక్కుకొనెను. మినెత్ రాయి మాఱలేదు, కొండ మాఱలేదు. కాని లొరేను కొద్దికాలములోనే యూరపునందలి ప్రధాన ఉక్కు సీమలలో ఒకటయ్యెను. స్వీడనులో ఉత్తరపు కొనయందున్న కిరునా గనులలోని భాస్వరపు మాగ్నటైటునకు కూడ విలువ వచ్చి, 1902 నాటికి మంచుకొండల మీదుగా నార్వే తీరమువఱకు రైలుపట్టాలు పడినవి. పాత్రలో మిగిలిన భాస్వరపు చిట్టెమును నూఱి పొలములకు ఎరువుగా అమ్మిరి. థామస్ మాత్రము 1885లో, ముప్పదియైదేండ్లు నిండకమునుపే మరణించెను.

రాతిలోని పాళ్లు మంచివైనను చాలదు, దాని రూపము కూడ కొలిమికి సరిపడవలెను. బ్లాస్టు కొలిమిలో క్రిందినుండి వచ్చు గాలి రాళ్ల సందులలోనుండి పైకి పోవలెను. సన్నని పొడి పోసినచో సందులు పూడి కొలిమి ఊపిరాడని రోగివలె అగును. అందుచేత పిడికిట పట్టు పరిమాణముగల గట్టి ముక్కలకు ఎల్లప్పుడును మంచి ధర. బైలడిల్లాలో నీలిధూళి అను ఒక రకము దొరకును. శుద్ధతలో అది మేలైన ముక్కలకు తీసిపోదు. ఐనను పొడియగుటచేత ఒకప్పుడు దానిని ఆదరించువారు లేకపోయిరి. తరువాత పొడిని కోకుపొడితోను సున్నముతోను కలిపి కాల్చి గడ్డకట్టించు సింటరు పద్ధతియు, తడిపి గోళీలుగా చుట్టి కాల్చు పెల్లెట్ల పద్ధతియు వ్యాపించెను. అంతట పొడికి గౌరవము వచ్చెను.

ఈ పెల్లెట్ల వెనుక అమెరికా చరిత్ర కలదు. మిన్నెసోటా రాష్ట్రములోని మెసాబి గనులు రెండవ ప్రపంచయుద్ధములో అమెరికా ఉక్కు పరిశ్రమకు ఆయువుపట్టుగా నుండెను. యుద్ధము ముగియునప్పటికి అచ్చటి మేలైన హెమటైటు తఱిగిపోవుచుండెను. మిగిలినది టాకొనైటు అను కఠినశిల. ఇనుము 30 పాళ్లకు లోపు. ఎడ్వర్డ్ డేవిస్ అను ఆచార్యుడు దశాబ్దులకొలది దానితోనే కుస్తీపట్టి, శిలను పిండివలె నూఱి, అయస్కాంతముతో మాగ్నటైటును ఏఱి, గోళీలు చేయు పద్ధతిని కుదిర్చెను. 1950 తరువాతి దశాబ్దిలో సుపీరియరు సరస్సు తీరమున పెద్ద కర్మాగారములు వెలసెను. వానిలో ఒకటి నూఱగా మిగిలిన పిండిని 1980 వఱకు ఆ సరస్సులోనే కుమ్మరించెను. ఆ ఖర్చు ఇనుము ధరలో చేరలేదు.

మాగ్నటైటును ఏఱుకొను పని అమెరికావారికంటె ఎంతో ముందే తెలుగు కమ్మరులు ఎఱుగుదురు. వాగుల ఇసుకలో నల్లగా పేరుకొను బరువైన రేణువులను కడిగి తీసి, చిన్న మట్టికొలుములలో కఱ్ఱబొగ్గుతో కరగించువారు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఈ విద్యకు పేరొందినది. అచ్చటివారు ఇనుమును మట్టిమూసలలో మూసి, దీర్ఘకాలము కాచి చేసిన ఉక్కును కొనుటకు పారసీకదేశపు వర్తకులు సముద్రము దాటి వచ్చుచుండిరి. కత్తులు చేయుటలో దానికి సాటి లేదని వారి నమ్మకము. 1820 ప్రాంతమున హెన్రీ వాయ్సీ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఆ పని చూచి వ్రాసిపెట్టెను. రోజుకు కొన్ని వీసెల ఉక్కు చేయువానికి వాగు ఒడ్డున దొరకు నల్లఇసుకయే గొప్ప గని. రోజుకు వేల టన్నులు మ్రింగు నేటి కొలిమికి ఆ వాగు ఒక పూటకు చాలదు. కొలిమి పెరిగిన కొలది గనియు పెద్దది కావలెను.

ఇక దూరము సంగతి. బైలడిల్లాలో గొప్ప ఖనిజమున్న సంగతి భూగర్భశాస్త్రజ్ఞుడు ప్రమథనాథ బోసు 19వ శతాబ్ది చివరనే గుర్తించెను. ఉద్యోగము విడిచిన తరువాత ఒడిశాలోని మయూర్‌భంజ్ ఇనుప కొండలనుగూర్చి 1904లో జంషెడ్జీ టాటాకు జాబు వ్రాసినవాడును ఆయనయే. ఆ కొండలు బొగ్గుగనులకు చేరువ. అందుచేత 1911 నాటికే జంషెడ్‌పూరు కొలిమినుండి ఇనుము వెలువడెను. బైలడిల్లా రాయి మేలైనదే ఐనను, రైలు గాని రేవు గాని చేరువలో లేక, అఱువదియేండ్లకు పైగా అడవిలో పడియుండెను. దానిని కదల్చినది జపాను. యుద్ధములో శిథిలమై తిరిగి లేచుచుండిన ఆ దేశమునకు ఉక్కు కొలుములున్నవి, ఖనిజము లేదు. 1960లో భారత జపాను ప్రభుత్వముల నడుమ ఒప్పందము కుదిరెను. హైదరాబాదు కేంద్రముగాగల జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ గనిని సిద్ధపఱచెను. 1968లో రాయి కదలెను. 1976లో విశాఖలో వెలుపలి రేవు తెఱచిన తరువాత లక్ష టన్నులకు మించిన ఓడలు కూడ వచ్చి ఖనిజము నెత్తుకొనసాగెను. ఓడ పెద్దదైన కొలది టన్ను మోతకు అగు ఖర్చు తగ్గును. సముద్రముమీద వేలకొలది కిలోమీటర్లు పోవుట సులభమై, కనుమలలోని నాలుగువందల యాభై కిలోమీటర్లే కష్టమయ్యెను. అందుచేతనే తరువాత ఒక ఉక్కుసంస్థ రైలును కూడ కాదని, పొడిని నీటిలో కలిపి 267 కిలోమీటర్ల గొట్టము ద్వారా కిరందుల్‌నుండి విశాఖకు పాఱించు ఏర్పాటు చేసికొన్నది.

విశాఖ ఉక్కు కర్మాగారము ఈ రైలుదారి కొననే నెలకొన్నది. 1966లో ఆంధ్రులు దానికొఱకు ఉద్యమించిరి. కొందఱు ప్రాణములర్పించిరి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగెను. ‘గోదావరి’ అని పేరుపెట్టిన మొదటి కొలిమి 1990లో వెలిగెను. రెండవదానికి ‘కృష్ణ’ అని పేరు. కొలుములకు నదుల పేర్లున్నవి గాని ఆ కర్మాగారమునకు సొంత ఇనుప గని లేదు. బైలడిల్లా రాతిని విపణి ధరకు కొనవలసినదే. ఇతర పెద్ద ఉక్కు కర్మాగారములలో పెక్కింటికి తమ సొంత గనులున్నవి. ఖనిజము ధర పెరిగినపుడు వారికి తగులని దెబ్బ విశాఖకు తగులును. ఒకే రాయి, ఒకే నాణ్యత. త్రవ్వుకొనువానికి ఒక వెల, కొనుక్కొనువానికి మఱియొక వెల.

ధర సంగతి వచ్చినది కావున చైనాను తలచుకొనక తప్పదు. 2000 తరువాత చైనా ఉక్కు ఉత్పత్తి అపారముగా పెరిగి, ఖనిజము ధరలు ఆకాశమునంటెను. గోవాలో, బళ్లారి-అనంతపురము సరిహద్దున ఒకప్పుడు పనికిరాదని ప్రక్కకు నెట్టిన పొడికుప్పలు ఓడలెక్కెను. ఈ ఆశతో చట్టమును మీఱి త్రవ్విన వారును కలరు. న్యాయస్థానములు జోక్యము చేసికొని పెక్కు గనులను మూయించినవి. హెమటైటులో ఎంత ఇనుమున్నచో దానిని ఖనిజముగా ఎంచవలెనను అంచును ప్రభుత్వపు గనుల శాఖ 2009లో 55 పాళ్లనుండి 45 పాళ్లకు తగ్గించెను. అంతవఱకు చెత్తయని కుప్పపోసిన కోట్ల టన్నుల రాయి, ఉన్నచోటనే కదలకుండ, దేశపు ఖనిజసంపద లెక్కలలోనికి ఎక్కెను.

లెక్కలకెక్కని సంగతులు కూడ కొన్ని కలవు. కర్ణాటకములో గుఱ్ఱపు మొగము అని యర్థమిచ్చు కుద్రేముఖము కొండలలో 38 పాళ్ల మాగ్నటైటు కలదు. ఒక ప్రభుత్వసంస్థ దానిని నూఱి, శుద్ధిచేసి, గొట్టము ద్వారా మంగుళూరు రేవునకు పంపుచుండెను. ఆ కొండలు తుంగ, భద్ర, నేత్రావతి నదుల పుట్టుకచోటు, దట్టమైన వర్షారణ్యము. భద్రానదిలో మేట పేరుకొనుట చూచి ప్రజలు న్యాయస్థానమునకు పోయిరి. సుప్రీము కోర్టు ఆజ్ఞచే 2005 డిసెంబరుతో ఆ గని ఆగిపోయెను. రాతిలో ఇనుము అట్లే యున్నది. బైలడిల్లాలోను గనుల ఎఱ్ఱనీరు దిగి శంఖిని నదిని ఎఱుపెక్కించినదని చుట్టుప్రక్కల పల్లెలవారు చాలకాలముగా మొఱపెట్టుచున్నారు. 2019 జూన్ నెలలో వేలకొలది ఆదివాసులు కిరందుల్‌లో గని కార్యాలయము ముందు కూర్చుండి, పదుమూడవ నంబరు గనికి కేటాయించిన కొండ తమ దేవత నివాసమనియు, దానిని త్రవ్వనీయమనియు పట్టుపట్టిరి. ఇనుము పాళ్లను కొలుచు పరికరములు ఈ విలువను కొలువలేవు. పని కొంతకాలము ఆగెను.

ఈ లెక్కలన్నియు చూచిన పిదప తెలుగునేలలోని ఖనిజముమాట తేటపడును. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టములో, అప్పటి ఖమ్మము జిల్లాలో ఉక్కు కర్మాగారము పెట్టుట సాధ్యమా యని పరిశీలింపవలెనని వ్రాసిరి. ఆశయంతయు బయ్యారము ఖనిజముమీదనే. బయ్యారమిప్పుడు మహబూబాబాదు జిల్లాలోనిది. పరిశీలించినవారు ఆ రాయి నాణ్యత చాలదనిరి. కర్మాగారము రాలేదు. ఉపాధి కలుగునని యెదురుచూచిన అచ్చటి యువకులకు ఆ మాట రుచింపలేదు. పాళ్లు తక్కువైనను శుద్ధిచేసి వాడరాదా యని వారడుగుటలో న్యాయము లేకపోలేదు. మెసాబిలో చేసినదదియే. ఐతే మెసాబి టాకొనైటు నిలువలు పర్వతములకొలది. పెట్టిన పెట్టుబడి తీరువఱకు తరుగవు. చిన్న నిలువకు పెద్ద కర్మాగారము కట్టినచో, అప్పు తీరకమునుపే రాయి తీరిపోవును.

ఒంగోలు మాగ్నటైటు సంగతి వేఱు. బొగ్గుతో చేయు ఉక్కు బొగ్గుపులుసు వాయువును మితిమీఱి వదలుచున్నదని ప్రపంచము ఇప్పుడు బెంగపడుచున్నది. 2021లో స్వీడనులో బొగ్గునకు మాఱుగా ఉదజని వాయువుతో ఖనిజమునుండి ఇనుమును వేఱుచేసి, దానితో ఉక్కు చేసి చూపిరి. ఆ పద్ధతిలో చిట్టెము కట్టి మలినము తొలగించు బ్లాస్టు కొలిమి యుండదు. కావున ఖనిజము మొదటనే మిక్కిలి శుద్ధమై, 67 పాళ్ల ఇనుమునకు తగ్గక యుండవలెను. త్రవ్వి తీసిన హెమటైటులో అంతటి శుద్ధత అరుదు. నూఱి అయస్కాంతముతో ఏఱిన మాగ్నటైటు మాత్రము రాతిలో ఎంత తక్కువగా ఉండినను, ఏఱిన పిదప ఆ మెట్టునకు చేరగలదు. దానికి కావలసినది నూఱుటకు చౌకయైన విద్యుత్తు, కడుగుటకు నీరు, మిగిలిన పిండిని పోయుటకు చోటు. ఒంగోలు ప్రాంతమున ఎండకు కొదువ లేదు, నీటికి కొదువ కలదు. ఆ కొండల క్రింది పల్లెలలో చేలున్నవి, చెఱువులున్నవి. పలుగురాతి నడుమ నల్లని పట్టెలు ఎప్పటివలెనే యున్నవి.